రాతి పగడాల అస్థిపంజర మాంసకృత్తులు – ప్రయోగశాల పరిశీలన

రాతి పగడాల అస్థిపంజరం అరగోనైట్ రూపంలోని కాల్షియం కార్బోనేట్. అందులో స్వల్ప పరిమాణంలో ఇమిడి ఉండే మాంసకృత్తులు స్ఫటిక నిర్మాణంలో పాలుపంచుకుంటాయి. వీటి పరిశీలనలో ప్రధాన సమస్య నమూనా శుద్ధి. పగడపు కణజాలం, అందులో సహజీవనం చేసే శైవలాల మాంసకృత్తులు మిగిలిపోతే వాటినే అస్థిపంజరానివిగా పొరబడవచ్చు.

శుద్ధి: కణజాలాన్ని తొలగించిన అస్థిపంజరాన్ని సోడియం హైపోక్లోరైట్ ద్రావణంలో ఉంచి, శుద్ధజలంతో కడిగి ఆరబెట్టాలి. పిదప మెత్తని పొడిగా చేసి, మరల అదే ద్రావణంతో శుద్ధి చేయాలి. సూక్ష్మ రంధ్రాలలోని కణజాల శేషం పొడి చేసిన తరువాతనే ద్రావణానికి అందుతుంది.

సంగ్రహణ: సజల ఎసిటిక్ ఆమ్లాన్ని నెమ్మదిగా కలిపి ఖనిజాన్ని కరిగించాలి. సెంట్రిఫ్యూజ్ ద్వారా ద్రావణీయ, అద్రావణీయ భాగాలను వేరుచేసి, ద్రావణీయ భాగం నుండి లవణాలను తొలగించాలి. రెండు భాగాలనూ విశ్లేషించాలి.

గుర్తింపు: ట్రిప్సిన్‌తో ఖండించిన పెప్టైడ్‌లను మాస్ స్పెక్ట్రోమెట్రీ ద్వారా విశ్లేషించి, ఆ జాతి జన్యు సమాచారంతో పోల్చాలి. ఆస్పార్టిక్ ఆమ్లం అధికంగా గల మాంసకృత్తులలో ట్రిప్సిన్ ఖండించే స్థానాలు తక్కువగా ఉండవచ్చు. కూమాసీ రంజకం కూడా వాటికి సరిగా అంటదు. కావున అవి కనిపించనంత మాత్రాన లేవని నిర్ధారించరాదు.

2013లో స్టైలోఫోరా పిస్టిల్లాటా, అక్రోపోరా మిల్లెపోరా జాతులపై వెలువడిన రెండు అధ్యయనాలలోనూ 36 చొప్పున మాంసకృత్తులను గుర్తించారు. మొదటి అధ్యయనంలో శుద్ధి చాలినంతగా జరిగిందా అన్న చర్చ అదే సంవత్సరం తలెత్తింది. అందువలన ఫలితాల జాబితాతో పాటు ద్రావణ గాఢత, శుద్ధి కాలం, పొడి రేణువుల పరిమాణం తప్పక నమోదు చేయాలి. ఈ వివరాలు లేని జాబితాలను పరస్పరం పోల్చడం సాధ్యం కాదు.