నష్టాల్లో ఉన్న నెట్‌వర్క్‌కు ప్రజల సొమ్ము: ఎందుకు, ఎంత, ఎంతవరకు?

మొన్న దసరా సెలవులకు మా బావగారు ఇంటికి వచ్చారు. ఆయన టెలిఫోన్ శాఖలో ఉద్యోగంలో చేరి, బీఎస్ఎన్ఎల్‌లో కొనసాగి, 2020 జనవరి 31న వీఆర్ఎస్ తీసుకున్నారు. రాత్రి భోజనాలయ్యాక టీవీలో బీఎస్ఎన్ఎల్ స్వదేశీ 4జీ గురించి వార్త వచ్చింది. బీకాం చదువుతున్న మా అమ్మాయి వెంటనే అందుకుంది.

“మావయ్యా, మీ కంపెనీకి ఇప్పటికి మూడు లక్షల కోట్ల పైనే ఇచ్చారట కదా! ఇంకా నష్టమేనట. నాన్నా, ఇలాంటి పార్టీ మీ బ్రాంచికి వస్తే నువ్వు అప్పిస్తావా?”

నేను జవాబు చెప్పేలోపే బావగారు నవ్వారు. “మీ నాన్న బ్యాంకుల్లోనూ ప్రభుత్వం డబ్బు పెట్టింది తల్లీ. ముందు ఆ సంగతి అడుగు.”

రెండూ అడగవలసిన ప్రశ్నలే. ఆ రాత్రి మేం ముగ్గురం కాగితం, పెన్ను పెట్టుకుని వేసిన లెక్కలే ఈ వ్యాసం.

లాభాల నుంచి నష్టాల్లోకి

బీఎస్ఎన్ఎల్ 2000 అక్టోబరు 1న పని మొదలుపెట్టింది. అంతకుముందు అది కేంద్ర టెలికాం శాఖలో భాగం. ఢిల్లీ, ముంబయి నగరాలను 1986లో ఏర్పడిన ఎంటీఎన్ఎల్ చూసుకుంటుంటే, మిగతా దేశమంతా బీఎస్ఎన్ఎల్ వాటాకు వచ్చింది. 2002లో మొబైల్ సేవలు ప్రారంభించింది. 2004-05లో లాభం పది వేల కోట్ల రూపాయలు దాటింది. అలాంటి సంస్థ 2009-10లో తొలిసారి సుమారు 1,823 కోట్ల నష్టం చూపింది. 2019-20 నాటికి ఏడాది నష్టం 15,500 కోట్లకు చేరింది.

దీనికి కారణాలు ఒకటి కాదు. ఇళ్ళలో ల్యాండ్‌లైన్లు తగ్గిపోయాయి. మొబైల్ పరికరాల కోసం పిలిచిన పెద్ద టెండర్లు ఆలస్యమయ్యాయి, కొన్ని రద్దయ్యాయి. 2010లో ప్రభుత్వం 3జీ, బ్రాడ్‌బ్యాండ్ వైర్‌లెస్ స్పెక్ట్రమ్‌ను వేలం వేసింది. బీఎస్ఎన్ఎల్ ఆ వేలంలో పాల్గొనలేదు. అయినా వేలంలో పలికిన ధరే కట్టవలసి వచ్చింది. ఆ మొత్తం సుమారు 18,500 కోట్లు. చేతిలో ఉన్న నిల్వలు అక్కడే కరిగాయి.

సిబ్బంది ఖర్చు మరో భారం. ప్రభుత్వ శాఖ నుంచి వచ్చిన ఉద్యోగులందరినీ సంస్థ తీసుకుంది. ఆదాయం తగ్గేకొద్దీ జీతాల వాటా పెరిగి, 2019 నాటికి ఆదాయంలో నాలుగింట మూడు వంతులైంది. ప్రైవేటు కంపెనీల్లో ఇది పది శాతం లోపే.

అన్నిటికన్నా పెద్ద దెబ్బ 4జీ. మన దేశంలో ప్రైవేటు 4జీ 2012లోనే మొదలైంది. 2016 సెప్టెంబరులో జియో వచ్చాక డేటా ధరలు నేలకు దిగాయి. బీఎస్ఎన్ఎల్‌కు 4జీ స్పెక్ట్రమ్ ఇవ్వాలన్న నిర్ణయం మాత్రం 2019 అక్టోబరులో జరిగింది. పరికరాలు దేశంలోనే తయారు కావాలన్న విధానం వల్ల 2020లో పిలిచిన టెండరు రద్దయింది. స్వదేశీ 4జీని ప్రధానమంత్రి ఒడిశాలోని ఝార్సుగూడలో ప్రారంభించినది 2025 సెప్టెంబరు 27న.

పోటీ వచ్చాక కస్టమరును నిలబెట్టుకోవడం గుత్తాధిపత్యంలో పెరిగిన ఏ సంస్థకైనా ఆలస్యంగానే అలవాటవుతుంది. మన బ్యాంకులకూ అది తెలిసిన పాఠమే.

మూడు ప్యాకేజీలు

1. 2019 అక్టోబరు: సుమారు 69,000 కోట్లు. ఇందులో వీఆర్ఎస్, 4జీ స్పెక్ట్రమ్, ప్రభుత్వ హామీతో బాండ్లు ఉన్నాయి. బీఎస్ఎన్ఎల్‌లో 78,569 మంది వీఆర్ఎస్ తీసుకున్నారు. అంటే ఒకే రోజున సగానికి పైగా కుర్చీలు ఖాళీ అయ్యాయి. అందులో మా బావగారిది ఒకటి.

2. 2022 జులై: సుమారు 1.64 లక్షల కోట్లు.

3. 2023 జూన్: సుమారు 89,000 కోట్లు. ఇది ప్రధానంగా 4జీ, 5జీ స్పెక్ట్రమ్ కోసం.

మూడూ కలిపితే సుమారు 3.22 లక్షల కోట్లు. దేశ జనాభా 140 కోట్లు అనుకుంటే తలకు 2,300 రూపాయలు. మా ఇంట్లో నలుగురం కాబట్టి మా వాటా 9,200. ఇవి కాక 2025 ఫిబ్రవరిలో 4జీ విస్తరణకు మరో 6,982 కోట్లు మంజూరయ్యాయి.

చేతికి వచ్చింది ఎంత, కాగితం మీద ఎంత?

“అయితే 3.22 లక్షల కోట్లు నగదుగా ఇచ్చేశారా?” అని అమ్మాయి అడిగింది. లేదు. 1.64 లక్షల కోట్ల రెండో ప్యాకేజీనే చూడండి. అందులో నగదు 43,964 కోట్లు. మిగిలిన 1.2 లక్షల కోట్లు నగదు రూపంలో లేనివి.

దీన్ని ఇంటి ఉదాహరణతో చూద్దాం. ఒక తండ్రి తన స్థలంలో కొడుకు చేత కొట్టు పెట్టించాడు. స్థలానికి వెల కట్టి, ఆ సొమ్ము తానే కొడుకు చేతికిచ్చి, మళ్ళీ స్థలం ధర కింద తానే తీసుకున్నాడు. జేబులోంచి రూపాయి బయటికి పోలేదు. కానీ ఆ స్థలం వేరేవాళ్ళకు అమ్మితే వచ్చే సొమ్ము రాలేదు. అది నిజమైన ఖర్చే. స్పెక్ట్రమ్ కేటాయింపు ఇలాంటిది. రెండో ప్యాకేజీలో దీని విలువ 44,993 కోట్లు.

కొడుకు పాత అద్దె బాకీ పడ్డాడు. తండ్రి ఆ బాకీని రద్దు చేసి, “ఇది నీ కొట్టులో నా పెట్టుబడి” అని రాసుకున్నాడు. ఏజీఆర్ బకాయిలు 33,404 కోట్లను వాటా మూలధనంగా మార్చడం ఇలాంటిది. లెక్కల పుస్తకం తేలికపడింది. కొట్టులో కొత్త సరుకు మాత్రం చేరలేదు. కొత్త పరికరాల కోసం రెండో ప్యాకేజీలో పెట్టినది 22,471 కోట్లు.

కాబట్టి పత్రికలో ప్యాకేజీ అంకె కనిపించగానే దాన్ని విడదీసి చదవాలి.

ఒకే సంచిలో మూడు ఖర్చులు

మా లెక్కలో ఈ సొమ్మంతా మూడు పనులకు వెళ్ళింది.

మొదటిది, గతం కోసం. పాత అప్పులు, బకాయిలు, వీఆర్ఎస్ పరిహారం. ఇందులో కొంత సంస్థ స్వయంకృతం, కొంత యజమాని అయిన ప్రభుత్వం ఆలస్యంగా తీసుకున్న నిర్ణయాల ఫలితం. ఈ ఖర్చు కొత్త సేవ ఏదీ తీసుకురాదు. అలాగని పెట్టకపోతే సంస్థ నిలబడదు.

రెండోది, మార్కెట్టు చేరని చోట సేవ కోసం. నేను ఏజెన్సీ ప్రాంతంలో ఒక శాఖలో పనిచేసిన రోజుల్లో లింకు పోతే ఆ పూటకు పని ఆగిపోయేది. కొండ దిగి పింఛను కోసం వచ్చిన అవ్వలు మెట్ల మీదే కూర్చునేవారు. మా బిజినెస్ కరస్పాండెంటు మైక్రో ఏటీఎం పట్టుకుని సిగ్నల్ అందే గట్టు దాకా నడిచేవాడు. వేలిముద్ర యంత్రం, ఖాతా, రూపే కార్డు అన్నీ ఉన్నా, టవరు లేకపోతే డబ్బు చేతికి రాదు. పది గడపల గూడెంలో టవరు వేస్తే డీజిలు ఖర్చు కూడా తిరిగి రాదు. ఏ వ్యాపారీ అక్కడికి తనంతట తాను వెళ్ళడు.

ఇలాంటి చోట్ల కోసమే దేశంలో ఒక నిధి ఉంది. టెలికాం కంపెనీలన్నీ తమ సవరించిన స్థూల ఆదాయంలో 5 శాతం దానికి కడతాయి. 2003లో చట్టబద్ధత వచ్చిన ఈ యూనివర్సల్ సర్వీస్ ఆబ్లిగేషన్ ఫండ్‌ను 2023 టెలికాం చట్టం ‘డిజిటల్ భారత్ నిధి’గా మార్చింది. అంటే పట్నంలో మనం కట్టే ఫోను బిల్లులోనే గూడెం టవరు వాటా ఉంది. సిగ్నల్ లేని 24,680 గ్రామాలకు 4జీ చేర్చే 26,316 కోట్ల పథకాన్ని 2022 జులైలో ఆమోదించి, ఈ నిధి నుంచే డబ్బిచ్చి, పనిని బీఎస్ఎన్ఎల్‌కు అప్పగించారు. ఇది తెరిచిన పుస్తకం లాంటి ఖర్చు. ఎన్ని ఊళ్ళు, ఎంత సొమ్ము అన్నది ఎవరైనా అడగవచ్చు.

మూడోది, సొంత సాంకేతికత కోసం. సీడాట్, తేజస్, టీసీఎస్ కలిసి తయారుచేసిన 4జీ పరికరాలనే బీఎస్ఎన్ఎల్ వాడుతోంది. ఇలాంటి సామర్థ్యం ప్రపంచంలో కొద్ది దేశాలకే ఉంది. దీనివల్ల దేశానికి లాభం. కానీ అది సిద్ధమయ్యేదాకా వేచి ఉన్న ఏళ్ళలో కస్టమర్లను పోగొట్టుకున్నది సంస్థ. దేశం కోసం చేసిన ఖర్చు సంస్థ నష్టాల పద్దులో కలిసిపోయింది.

ఈ మూడింటినీ ఒకే సంచిలో వేసి “నష్టం” అని పేరు పెడితే, ఏది తప్పు వల్ల వచ్చిందో, ఏది సేవ వల్ల వచ్చిందో ఎవరికీ తెలియదు. అసమర్థత సేవ చాటున దాక్కోవచ్చు. సేవను నష్టమని కొట్టిపారేయనూ వచ్చు. ఈ మొత్తం వ్యవహారంలో నాకు అన్నిటికన్నా ప్రమాదంగా తోచింది ఇదే.

ప్రభుత్వ సంస్థ అంటే ప్రభుత్వ హామీ కాదు

బ్యాంకు కుటుంబాలు గుర్తుంచుకోవలసిన విషయం ఎంటీఎన్ఎల్ లెక్కల్లో ఉంది. 2025 మార్చి ఆఖరుకు దాని మొత్తం అప్పు సుమారు 33,568 కోట్లు. అందులో ప్రభుత్వ హామీ ఉన్న బాండ్లు 24,071 కోట్లు. వడ్డీ కట్టడానికి టెలికాం శాఖ ఇచ్చిన అప్పు 1,151 కోట్లు. ఏడు ప్రభుత్వ రంగ బ్యాంకులకు చెల్లించవలసినది 8,346 కోట్లు.

బాండ్ల వెనుక ప్రభుత్వ సంతకం ఉంది కాబట్టి సంస్థ కట్టలేని వడ్డీని ప్రభుత్వం కట్టింది. బ్యాంకు అప్పులు మాత్రం మొండి బాకీలయ్యాయి. ఆ భారం బ్యాంకుల లాభాల మీద పడింది, అంటే చివరికి మనమీదే. అప్పిచ్చేటప్పుడు యజమాని ఎవరన్నది కాదు, హామీ పత్రం మీద ఎవరి సంతకం ఉందన్నది చూడాలి.

బావగారి ప్రశ్నకు జవాబు

మన సంగతికి వద్దాం. 2016-17 నుంచి 2020-21 వరకు ఐదేళ్ళలో ప్రభుత్వ రంగ బ్యాంకులకు ప్రభుత్వం సుమారు 3.11 లక్షల కోట్ల మూలధనం ఇచ్చింది. చాలా భాగం రీక్యాపిటలైజేషన్ బాండ్ల రూపంలో. 2017-18లో ప్రభుత్వ రంగ బ్యాంకుల మొత్తం నష్టం 85,000 కోట్లు దాటింది. 2024-25లో లాభం 1.78 లక్షల కోట్లు. ఇప్పుడు ప్రభుత్వానికి డివిడెండు కడుతున్నాం.

“చూశారా, పెట్టిన డబ్బు తిరిగి వచ్చింది. మాకూ వస్తుంది” అన్నారు బావగారు. కావచ్చు. 2024-25లో బీఎస్ఎన్ఎల్ నష్టం అంతకుముందు ఏడాదిలోని 5,370 కోట్ల నుంచి 2,247 కోట్లకు తగ్గింది. చివరి రెండు త్రైమాసికాల్లో లాభం కూడా చూపింది. కానీ 2025-26 మొదటి త్రైమాసికంలో మళ్ళీ వెయ్యి కోట్లకు పైగా నష్టం వచ్చింది. కొత్త టవర్లు, పరికరాల తరుగుదల ఇకపై ఏటా ఖాతాలో పడుతుంది.

పోలికలో ఒక తేడా ఉంది. కష్టకాలంలోనూ దేశంలోని డిపాజిట్లలో పెద్ద వాటా ప్రభుత్వ రంగ బ్యాంకుల దగ్గరే ఉండిపోయింది. మూలధనం వచ్చేనాటికి కస్టమరు ఇంకా మన కౌంటరు ముందే ఉన్నాడు. మొబైల్ చందాదారుల్లో బీఎస్ఎన్ఎల్ వాటా ఇప్పుడు ఎనిమిది శాతం దరిదాపుల్లో ఉంది. వెళ్ళిపోయినవారిని వెనక్కి రప్పించాలి. 2024 జులైలో ప్రైవేటు కంపెనీలు ధరలు పెంచినప్పుడు కొన్ని నెలలపాటు చాలామంది బీఎస్ఎన్ఎల్‌కు వచ్చారు. ప్రభుత్వ నెట్‌వర్క్ ఒకటి ఉండటం మిగతావారి ధరలకు అడ్డుకట్ట అన్న వాదనకు అదే బలం. వచ్చినవారిని నిలబెట్టేది మాత్రం సేవ ఒక్కటే.

మరో మాట. ప్రభుత్వ ఊతం ప్రభుత్వ సంస్థలకే పరిమితం కాలేదు. వొడాఫోన్ ఐడియా బకాయిలను వాటాలుగా మార్చుకోవడంతో 2025లో అందులో ప్రభుత్వ వాటా సుమారు 49 శాతమైంది.

ఇంట్లో చర్చించుకోవడానికి

ఏ సంస్థకైనా ప్రభుత్వం ప్యాకేజీ ప్రకటించిందని చదివినప్పుడు ఈ ప్రశ్నలు వేసుకోండి.

1. ఇందులో నగదు ఎంత, పద్దు సర్దుబాటు ఎంత?
2. పాత బాకీలకు ఎంత, కొత్త పనికి ఎంత?
3. సేవ కోసమైతే, ఎన్ని ఊళ్ళకు, ఎప్పటిలోగా?
4. ఎవరు హామీ ఇచ్చారు? కట్టలేకపోతే ఎవరి మీద పడుతుంది?
5. మళ్ళీ అడిగే అవసరం రాకుండా ఏం మార్చారు?

ఆ రాత్రి లెక్కలయ్యాక అమ్మాయిని అడిగాను, “ఇప్పుడు చెప్పు, నువ్వైతే డబ్బిస్తావా?” అని. కాసేపు ఆలోచించింది. “అప్పుగా అయితే ఇవ్వను. కొండ మీది టవరుకైతే ఇస్తాను. కానీ దాని లెక్క విడిగా రాసి ఏటా చూపించాలి.”

బావగారు ఏమంటారా అని చూశాను. కాగితం తీసుకుని అయిదో ప్రశ్న కింద గీత గీశారు. “ఇది మాకూ, మీకూ ఇద్దరికీ” అన్నారు.