పచ్చియాకుతో ద్రవ ఎరువు

ప్రతి గ్రామమునందును పచ్చిచెత్త దినదినము పోగగుచునే యుండును. కంచెలు కత్తిరించిన కొమ్మలు, కాలువగట్ల మీది కలుపు, కూరగాయల తొక్కలు, గెల కోసిన పిదప మిగిలిన అరటిబోదెలు, సంత ముగిసిన తరువాత అమ్ముడుపోని ఆకుకూరలు, ఇవి యన్నియు నేమగుచున్నవి? కొంత పశువులు తినును. కొంత మురుగుకాలువలో పడి నీటి నడకను అరికట్టును. మిగిలినది ఎండిన పిమ్మట తగులబెట్టబడును. అట్లు తగులబెట్టిన చెత్తలోని నత్రజని పొగతో గాలిలో కలిసిపోవును. బూడిదలో మిగిలిన పొటాషు మొదటి వానకు కొట్టుకొనిపోవును. అదే గ్రామమున పంచాయతీ పెంచుచున్న మొక్కలు చాలినంత ఎరువు లేక పాలిపోయి నిలిచియుండుట తరచుగా చూచుచున్నాము. ఈ చెత్తను ఆ మొక్కలకు ఆహారముగా మార్చు సులభమైన పద్ధతి యొకటి గలదు. దానిని, దాని హద్దులను కూడ పంచాయతీ సభ్యులకు వివరింపదలచినాము.

ఆకునుండి నీటిలోనికి వచ్చునదేమి?

పచ్చిరొట్ట ఎరువు మన రైతులకు క్రొత్తది కాదు. జీలుగ, జనుము, పిల్లిపెసర పెంచి దమ్ములో కలియద్రొక్కుట, కానుగ, జిల్లేడు ఆకును తెచ్చి మడిలో వేయుట వారికి తెలిసిన పనులే. ఆకు నేలలో కుళ్లి పైరునకు ఆహారమగుచున్నది. ద్రవ ఎరువు తయారుచేయుట యనగా ఆ పనినే నేలలో గాక నీటిపీపాలో జరిపించుట.

మొక్కలోని పొటాషు దాని కణముల గోడలలో బంధింపబడి యుండదు, రసములో కరిగి యుండును. అందుచేత ఆకు నలిగి నానినంతనే అది నీటిలోనికి త్వరగా దిగును. నత్రజని అట్లు కాదు. అది మాంసకృత్తులలో ఇమిడియుండును గనుక సూక్ష్మజీవులు ఆకును కుళ్లబెట్టినగాని బయటపడదు. పీపాను రెండు మూడు వారములు ఉంచవలసిన కారణ మిదియే. భాస్వరము స్వల్పముగా మాత్రమే లభించును. కావున ఈ ద్రవము ముఖ్యముగా పొటాషు, కొంత నత్రజని యిచ్చు ఎరువని గ్రహింపవలెను. మన దేశము తనకు కావలసిన పొటాషు ఎరువులో అధికభాగమును విదేశములనుండి తెప్పించుకొనుచున్నదని తలచినపుడు, మురుగుకాలువ పాలగుచున్న ఆకురసము విలువ తెలియగలదు. అరటిబోదె రసములో పొటాషు విశేషముగా నుండును. గుజరాతులోని నవ్‌సారీ వ్యవసాయ విశ్వవిద్యాలయమువారు బోదె రసమునుండి ద్రవ ఎరువును రూపొందించి యున్నారు. కోనసీమవంటి అరటిసీమలలో ఈ సంగతి గమనింపదగినది.

దేనికి చాలును, దేనికి చాలదు?

ఈ ఎరువును గూర్చి అతిశయోక్తులు వినబడుట కలదు. కనుక లెక్క చూచుట మంచిది. ఒక పీపాలో 20 కిలోల గ్లైరిసీడియా ఆకు వేసితిమనుకొందము. పచ్చియాకులో మూడువంతులకు పైగా నీరే. ఎండు పదార్థము 4 లేక 5 కిలోలు మాత్రమే యుండును. అందులో నత్రజని నూటికి సుమారు 3 వంతులు. అనగా ఆకులోని నత్రజని యంతయు నీటిలోనికి దిగినను 120 నుండి 150 గ్రాములు మించదు. ఇది సుమారు 300 గ్రాముల యూరియాలో నున్న నత్రజనికి సమానము. 45 కిలోల యూరియా బస్తాకు సాటి రావలెనన్నచో ఇట్టి పీపాలు 150 నింపవలసి వచ్చును!

కాబట్టి ఎకరముల కొలది వరిపొలమునకు ఈ ద్రవము చాలునని పంచాయతీ సభ్యు లెవ్వరును రైతులకు చెప్పరాదు. నమ్మి ఎరువు మానిన రైతు పంట తగ్గి నష్టపోవును, తరువాత మనము చెప్పు మంచి మాటను కూడ నమ్మడు. పొలమునకు పచ్చిరొట్ట పైరు, పశువుల ఎరువు, కంపోస్టు, భూసార పరీక్షననుసరించి వేయు ఎరువులు వేరుగా నుండనే యున్నవి. ద్రవ ఎరువునకు తగిన చోట్లు పంచాయతీ నర్సరీ, పాఠశాల తోట, పెరటి కూరపాదులు, బాట ప్రక్కన క్రొత్తగా నాటిన మొక్కలు. చిన్న సంచిలోని గుప్పెడు మట్టిలో పెరుగు మొక్కకు కావలసినది కొంచెమే. అది తరచుగా, పలుచగా అందవలెను. ఆ పనికి ఇది చక్కగా సరిపోవును.

తయారుచేయు విధము

200 లీటర్లు పట్టు ప్లాస్టిక్ పీపాను తీసికొనవలెను. పురుగుమందులు నిలువచేసిన పీపాను ఎంత కడిగినను వాడరాదు. గ్లైరిసీడియా, కానుగ, మునగవంటి లేత ఆకును, పూతకు రాని కలుపును, కూరగాయల తొక్కలను 20 కిలోలు సేకరించి, రెండంగుళముల ముక్కలుగా నరకవలెను. అరటిబోదెయైనచో సన్నముగా తరిగి నలుగగొట్టవలెను. ఈ ముక్కలను గోనెసంచిలో వదులుగా నింపి, ఒక రాయి కూడ వేసి, మూతి కట్టి పీపాలో దింపవలెను. పిమ్మట 150 లీటర్ల నీరు పోయవలెను. సంచి నీటిలో పూర్తిగా మునిగి యుండవలెను.

పీపాను నీడలో, త్రాగునీటి బావికిని బోరింగునకును దూరముగా, ఇండ్లకు గాలి వాలున లేనిచోట నుంచవలెను. దినమున కొకసారి కర్రతో బాగుగా కలియబెట్టవలెను. కొన్ని దినములకు నురుగు వచ్చి దుర్వాసన పుట్టును. అది ఆకు కుళ్లుచున్నదనుటకు గుర్తు. కలియబెట్టుట మానినచో వాసన మరింత అధికమగును. వేసవిలో సుమారు రెండు వారములకు, చలికాలమున మూడు వారములకు నురుగు అణగి, నీరు గోధుమవర్ణమునకు మారును. అప్పుడు సంచిని పిండి తీసి, ద్రవమును పాతగుడ్డతో వడగట్టవలెను. సంచిలోని పిప్పిని కంపోస్టు గుంటలో వేయవలెను.

ఈ ద్రవమును ఉన్నదున్నట్లు పోసినచో లేత వేళ్లు దెబ్బతినును. ఒక వంతు ద్రవమునకు పదివంతుల నీరు కలిపి పోయవలెను. మొలకదశలో నున్న నారునకు ఇరువదివంతుల నీరు కలుపవలెను. ముందుగా నేలను తడిపి, సాయంవేళ మొదలునందు పోయుట మేలు. పది దినముల కొకసారి పోసిన చాలును. తయారైన ద్రవమును నెల దినములలోగా వాడివేయుట మంచిది.

మరువరాని జాగ్రత్తలు

అన్నిటికంటె ముఖ్యమైనది దోమల సంగతి. ఆకు నానిన నీటి వాసన గ్రుడ్లు పెట్టు దోమలను ఆకర్షించును. దోమలను లెక్కించు శాస్త్రజ్ఞులు తమ బోనులలో గడ్డి నానబెట్టిన నీటినే ఎరగా వాడుదురు. గ్రుడ్డు దోమయగుటకు వారము పది దినములు చాలును. మూతలేని పీపా గ్రామమునకు ఎరువుతోపాటు డెంగీ జ్వరమును కూడ పంచిపెట్టగలదు. అందుచేత పీపా మూతికి దోమతెర గుడ్డను త్రాటితో బిగించి కట్టి, దానిపై మూతను వదులుగా నుంచవలెను. లోపల పుట్టు వాయువులు పోవలెను గనుక గాలి చొరకుండ బిగింపరాదు.

కలుపుమందు చల్లిన గడ్డిని పీపాలో వేయరాదు. 2,4-డి వంటి మందు లేశమాత్రము మిగిలినను టమాట, వంగ మొక్కలు వంకరలు పోవును. వయ్యారిభామను ముట్టుకొన్నచో కొందరికి చర్మముపై దద్దురులు లేచును. గన్నేరు విషము. జిల్లేడు పాలు కంటబడినచో ప్రమాదము. వీనిని విడుచుటయే క్షేమము. గుర్రపుడెక్క కాలువలలో సమృద్ధిగా దొరకునుగాని, కర్మాగారముల నీరు చేరు కాలువలోనిది హానికరములగు లోహములను పీల్చుకొని యుండును. దానిని కూరపాదులకు వాడరాదు. పచ్చిగా తిను ఆకుకూరలపై ఈ ద్రవమును చిలుకరింపరాదు. పని ముగిసిన పిదప చేతులు సబ్బుతో కడుగుకొనవలెను. పీపాపై ‘ఎరువు - త్రాగరాదు’ అని పెద్ద అక్షరములతో వ్రాయించవలెను.

పంచాయతీ చేయదగిన పని

రాజ్యాంగములోని పదునొకండవ షెడ్యూలు పంచాయతీలకు అప్పగింపదగిన విషయములలో సామాజిక అడవుల పెంపకమును, పారిశుద్ధ్యమును కూడ పేర్కొన్నది. 2018 నాటి తెలంగాణ పంచాయతీరాజ్ చట్టము నాటిన మొక్కలలో 85 శాతము బ్రతికించవలసిన బాధ్యతను పంచాయతీలపై నుంచినది. ఆంధ్రప్రదేశమున అనేక గ్రామములలో చెత్తనుండి సంపద తయారుచేయు కేంద్రములు నిర్మింపబడినవి. చెత్తను ఏరుటకు, మొక్కను పెంచుటకు బాధ్యత గలది ఒకే సంస్థయైనపుడు, ఒకదాని మిగులును రెండవదాని కొరతకు వాడుకొనుట కష్టము కాదు.

ప్రారంభమున ఒక్క పీపా చాలును. నర్సరీలో ఒకే జాతి, ఒకే వయస్సు గల మొక్కలను రెండు వరుసలుగా, వరుసకు 50 చొప్పున ఏర్పరచి, ఒక వరుసకు ద్రవ ఎరువు కలిపిన నీటిని, రెండవదానికి అంతే కొలత గల వట్టినీటిని పోయించవలెను. రెండు నెలల పాటు ప్రతి పక్షమునకు ఎత్తు కొలిచి, బ్రతికిన మొక్కలను లెక్కించి పుస్తకమున వ్రాయించవలెను. ఫలితము బాగున్నచో ఆ లెక్కను గ్రామసభలో చదివి వినిపించి, రెండవ పీపా నింపవచ్చును. భేదము కనబడనిచో ఆ సంగతియు గ్రామసభకు తెలుపవలెను. పీపాను కలియబెట్టుటకు, దోమతెరను చూచుటకు ఒకరిని పేరు పెట్టి నియమించుట అవసరము. అందరి పని యనుకొన్నది ఎవరి పనియు కాకపోవుట మనమెరిగినదే.

ఖర్చు చూడగా పీపా, గోనెసంచి, దోమతెర గుడ్డ మాత్రమే. పశువులు లేని ఇంటివారు జీవామృతము తయారుచేసికొనలేకపోయినను దీనిని తయారుచేసికొనగలరు. పంచాయతీ నర్సరీలో పని కనులారా చూచిన గృహిణి తన పెరటిలో బిందెడు నీటితోనైనను మొదలుపెట్టును. సభ్యులు వచ్చే సమావేశమున ఈ విషయమును చర్చించి, ఈ సంవత్సరము నర్సరీలో ఒక పీపానైనను నిలుపుదురని ఆశించుచున్నాము.