కావలి నుండి పోలీసు వరకు

నేడు పాములపాడులో దొంగతనము జరిగినచో జనులు పోలీసు ఠాణాకు పోవుదురు. ఠాణాలు లేని కాలమున గ్రామములను కాచినవారెవరు?

పూర్వము ఊరికి తలారియే కావలి. రాత్రులందు ఊరు చుట్టి వచ్చుట, క్రొత్తవారిని కనిపెట్టుట, దొంగల అడుగుజాడలు పట్టి పోవుట అతని పనులు. పోయిన సొత్తును పట్టి యీయలేని కావలివారు దాని వెలను తామే చెల్లింపవలెనను కట్టడి పెక్కుచోట్ల నుండెను. ఇందులకై వారికి మాన్యములుండెడివి. పాలెగాండ్ర క్రింద కట్టుబడి బంట్లును ఇట్లే భూములననుభవించుచు కావలి కాచుచుండిరి.

1800లో నిజాము రాయలసీమలో పెక్కుభాగమును ఇంగ్లీషు కంపెనీకి దత్తము చేసెను. పాములపాడు గల నందికొట్కూరు సీమ మాత్రము 1839 వరకు కర్నూలు నవాబుల యేలుబడిలో నుండెను. దత్తమండలమునకు కలెక్టరైన థామస్ మన్రో పాలెగాండ్ర బలము నణచెను. పిమ్మట కట్టుబడుల మాన్యములు క్రమముగా ప్రభుత్వపరమయ్యెను. తాతల నాటి భూమి పోయిన బంట్లు ఊరకుండిరా? 1846లో ఉయ్యాలవాడ నరసింహారెడ్డి తిరుగబడగా అనేకులాతని పక్షమున నిలిచిరి. 1847లో ఆయనను కోయిలకుంట్లలో ఉరితీసిరి.

మరియొక కీడు కూడ నుండెను. 1816 నాటి చట్టముచే శిస్తు వసూలు చేయు తహసీలుదారునకే పోలీసు అధికారము సంక్రమించెను. పన్ను కోరువాడును, పట్టి బంధించువాడును ఒక్కడే అయినచో పేదరైతు ఎవరితో మొరపెట్టుకొనగలడు? శిస్తు కట్టలేనివారిని ఎండలో నిలువబెట్టుట, వంగదీసి కట్టివేయుట మొదలగు హింసలు జరుగుచున్నవని మద్రాసులో నియమింపబడిన విచారణ సంఘము 1855లో వెల్లడించెను.

లండను నగరమున సర్ రాబర్ట్ పీల్ 1829లోనే ప్రత్యేకమైన పోలీసుదళమును నెలకొల్పియుండెను. మద్రాసు రాజధానిలో 1859 నాటి 24వ చట్టము పోలీసుశాఖను రెవెన్యూశాఖనుండి వేరుచేసెను. విలియం రాబిన్సన్ ఆ శాఖకు మొదటి అధిపతి. జిల్లాకొక సూపరింటెండెంటు, వారి క్రింద జీతము గైకొను కానిస్టేబుళ్లు ఏర్పడిరి. అయినను ఊరి గుట్టుమట్టులు తెలిసిన తలారి సాయము వారికి తప్పలేదు.

చట్టము మారినంతమాత్రమున హింస తొలగిపోలేదు. 1902లో ఏర్పడిన పోలీసు కమీషను కూడ ఆ శాఖలోని లంచములను, దౌర్జన్యములను ఎత్తిచూపెను. కాచువానికి అధికారము కావలెను. ఆ అధికారమునకు హద్దును కావలెను. మన సీమ చరిత్ర తెలుపు నీతి యిదియే.