పరలోక ప్రశ్న – జనపనార మోపు



ఇంటి పెద్దలు లింగైక్యులైనప్పుడు పసిబిడ్డలు "తాతగారు ఎక్కడికి పోయినారు?" అని అడుగుదురు. ఆ ప్రశ్నకు సమాధానము చెప్పువారు అరుదు. కొందరు "ఇప్పుడా మాట యెందుకు?" అని నోరు మూయింతురు. చదువుకొన్నవారు కొందరు "చూచి వచ్చినవా డెవడు?" అని నవ్వి యూరకుందురు. ఒకటి భయము, రెండవది పరిహాసము. రెండును ప్రశ్నను తప్పించుకొను మార్గములే. ఈ పాఠమున ఆ పరిహాసమునకు మూలమేమో విచారింతము.

"చూచి వచ్చినవా డెవడు?" అను వాదము నేటిది కాదు. బౌద్ధుల దీఘనికాయమున 23వదియగు పాయాసి సుత్తములో అది సవిస్తరముగా కలదు. కోసల దేశాధీశుడగు ప్రసేనజిత్తు ఇచ్చిన సేతవ్య నగరమును పాయాసి యను ప్రభువు ఏలుచుండెను. పరలోకము లేదనియు, పుణ్యపాపములకు ఫలము లేదనియు అతని మతము. అతడు ఊరక వాదించినవాడు కాడు, పరీక్షించినవాడు. మరణశయ్యపై నున్న బంధువులను, నరకమున పడినచో తిరిగివచ్చి చెప్పుడని కోరెను. ఎవరును రాలేదు. ఒక దొంగను బ్రతికియుండగనే కుండలో నుంచి, మూతి బిగించి, కాల్పించెను. జీవుడు వెలువడుట కానరాలేదు.

కుమారకాశ్యపుడను భిక్షువు అతనికి ఉపమానములతో బదులు చెప్పెను. వధ్యస్థానమునకు కొనిపోబడు దొంగ, చుట్టములతో చెప్పివత్తునని వేడినచో తలారులు విడుతురా? నిద్రించువాడు కలలో వనములందు విహరించునప్పుడు, ప్రక్కనున్న పరిచారకులకు వాని జీవుని రాకపోకలు కనబడునా?

ఈ ఉపమానములు పరలోకమును రుజువు చేయవు. కనబడలేదు కావున లేదనుట చెల్లదని మాత్రము చూపును. మనము ముఖ్యముగా గమనింపవలసినది పాయాసి పిమ్మట చెప్పిన కారణము. తన మతమును రాజులెల్ల ఎరుగుదురనియు, ఇప్పుడు విడిచినచో అవివేకి యందురనియు, కావున విడువజాలననియు అతడు పలికెను. అంతవరకు యుక్తిగా నున్నది అక్కడ అభిమానముగా మారినది.

అంతట భిక్షువు ఒక కథ చెప్పెను. ఇద్దరు మిత్రులు పాడుపడిన పల్లెలో దొరకిన జనపనారను మోపులు కట్టుకొని సాగిరి. పోను పోను నూలు, వస్త్రములు, లోహములు, తుదకు వెండి బంగారములు దొరకెను. ఒకడు ఎప్పటికప్పుడు మోపు మార్చుకొనెను. రెండవవాడు, చాల దూరము మోసితిననియు, గట్టిగా కట్టితిననియు చెప్పి, నారనే ఇంటికి చేర్చెను.

నలుగురు నవ్వుదురని పట్టుకొన్న నాస్తికత జనపనార మోపే. నలుగురు తప్పుపట్టుదురని పట్టుకొన్న ఆస్తికతయు అట్టిదే. విచారించి చేరిన నమ్మకము వేరు, మోసితిమి గనుక దింపలేని నమ్మకము వేరు.

మన శరణులును 12వ శతాబ్దమున కల్యాణములో స్వర్గముపై ఆశను నిరాకరించిరి. వచనములు స్వర్గనరకములను మానవుని నడవడితోనే ముడివేసినవి. వారు మృతసూతకమును పాటింపలేదు. షట్స్థలములలో కడపటిదగు ఐక్యము చచ్చిన పిమ్మట చేరు ఊరు కాదు, లింగాంగ సామరస్యము. పైపైన చూచువారికి ఇదియు పాయాసి మతమువలెనే తోచవచ్చును. కాని భేదము గొప్పది. పాయాసి కర్మకు ఫలమే లేదనెను. శరణులు ఆ ఫలమును నేటి కాయకమునందును, దాసోహమునందును చూపవలెననిరి. అతడు ప్రశ్నను కొట్టివేసెను. వీరు దానిని బ్రతుకులోనికి తెచ్చిరి.

కావున బిడ్డ అడిగినప్పుడు గద్దింపవలదు, నవ్వవలదు. "నాయనా! తాతగారు శివునియందు ఐక్యమైరని మనము నమ్ముచున్నాము. కంటితో చూచినవారము కాము. ఆయన పెట్టిన అన్నము, నేర్పిన పూజ, తప్పని మాట మన కండ్ల యెదుట నున్నవి. వానిని నిలుపుట మన పని" అని చెప్పవలెను. నమ్మినదానిని నమ్మినట్లు, చూచినదానిని చూచినట్లు చెప్పుటయే సత్యము.

అభ్యాసము:
1. పాయాసి తన మతమును విడువకుండుటకు చెప్పిన కారణమేమి?
2. శరణుల స్వర్గనిరాకరణమునకును పాయాసి వాదమునకును భేదమేమి?
3. మన యింటిలో విచారింపక మోయుచున్న మోపు ఏది? ఇంటిల్లిపాదియు కూర్చుండి చర్చింపుడు.