మంచు ఎత్తు కొలిచే పిల్లలకు

ఉపగ్రహ లేజర్ కొలతలతో కుస్తీ పట్టి తల పండినవాణ్ణి. ఈ పనిలోకి కొత్తగా వచ్చే పిల్లలు అడిగేవాటికి నేను చెప్పే మాటలివి.

1. పని వినడానికి చాలా సులువు. లేజర్ పల్స్ కిందికి వెళ్లి, మంచును తాకి, తిరిగొచ్చే సమయాన్ని కొలుస్తాం. అందులో ఒక్క నానోసెకను తేడా పడితే ఎత్తు 15 సెంటీమీటర్లు మారిపోతుంది. మనం వెతికేదేమో చాలాచోట్ల ఏడాదికి ఒకటి రెండు సెంటీమీటర్ల మార్పు. అంటార్కిటికాలో నేలను ఆనుకున్న మంచు విస్తీర్ణం దాదాపు 1.2 కోట్ల చదరపు కిలోమీటర్లు. దాని మీద ఒక్క సెంటీమీటరు తప్పితే 120 ఘన కిలోమీటర్ల మంచు కాగితం మీదే పుడుతుంది, లేదా మాయమవుతుంది.

2. సగటును నమ్ముకోకండి. "లక్షల షాట్లున్నాయి కదా సార్, తప్పులు ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి" అంటారు. అటూ ఇటూ చెదిరే తప్పులైతే నిజమే. పాసంగం ఉన్న తక్కెడలో వెయ్యిసార్లు తూచినా పాసంగం పోదు.

2003 నుంచి 2009 దాకా మంచును కొలిచిన నాసా ఉపగ్రహం ఐస్‌శాట్ కథ వినండి. బయల్దేరిన పల్స్ సమయాన్ని దాని సెంట్రాయిడ్ దగ్గర, అంటే పల్స్ బరువంతా తూగే నడిమి బిందువు దగ్గర గుర్తించారు. తిరిగొచ్చిన పల్స్‌కు మాత్రం గంట ఆకారపు గాసియన్ వక్రం గీసి, దాని శిఖరం దగ్గర గుర్తించారు. పల్స్ రెండువైపులా సమంగా ఉంటే ఈ రెండూ ఒకటే. లేజర్ పల్స్ అలా ఉండదు, పైగా లేజర్ ముసలిదయ్యేకొద్దీ దాని ఆకారం మారుతుంది. 2014లో ఏడ్రియన్ బోర్సా, సహచరులు ఈ తేడాను బయటపెట్టారు. ఎంచుకున్న కాలాన్ని బట్టి దానివల్ల ఏడాదికి 0.92 నుంచి 1.90 సెంటీమీటర్ల దొంగ తగ్గుదల కనిపించింది. ఉపగ్రహం కొలవడం ఆపేసి అప్పటికి ఐదేళ్లు. దీన్ని చూపించి మంచు కరగడమే అబద్ధమనేవాళ్లకు ఒక్క మాట: గురుత్వాకర్షణను కొలిచే గ్రేస్ ఉపగ్రహాలకు ఎత్తు కొలిచే లేజర్‌తో పనే లేదు, అవీ నష్టాన్నే చూపించాయి.

3. వాలు దగ్గర గురి చూసుకోండి. 600 కిలోమీటర్ల ఎత్తు నుంచి గురి డిగ్రీలో 3600వ వంతు తప్పినా లేజర్ మచ్చ దాదాపు 3 మీటర్లు పక్కకు జరుగుతుంది. ఒక డిగ్రీ వాలు మీద అది 5 సెంటీమీటర్ల ఎత్తు తప్పు. 2018లో ఎగిరిన ఐస్‌శాట్-2లో కిరణాలను 90 మీటర్ల ఎడంతో జంటలుగా పెట్టింది అడ్డవాలును కూడా అదే దాటులో కొలవడానికే.

4. దిద్దుబాటుకు ముందు తప్పు ఏ వైపు మొగ్గుతుందో అడగండి. తెల్లగా మెరిసే మంచు ఐస్‌శాట్ డిటెక్టర్‌ను ముంచెత్తితే పల్స్ తోక సాగి, మంచు ఉన్నదానికన్నా కింద కనిపించేది. ఫోటాన్లను ఒక్కొక్కటిగా లెక్కపెట్టే ఐస్‌శాట్-2లో ముందొచ్చిన ఫోటాన్ వెనకదాన్ని మరుగుపరుస్తుంది కాబట్టి అదే మంచు పైకి కనిపిస్తుంది. మెరుపు ఒకటే, తప్పులు ఎదురెదురు. పల్చటి మబ్బు మాత్రం ఎప్పుడూ కిందికే లాగుతుంది. అందులో చెదిరిన కాంతి చుట్టుతిరిగి ఆలస్యంగా వస్తుంది.

5. మారని నేల దొరికితే వదలకండి. బొలీవియాలో సలార్ దె ఉయుని అనే ఉప్పు మైదానం పది వేల చదరపు కిలోమీటర్లకు పైగా ఉంటుంది, ఎగుడుదిగుళ్లు మీటరు లోపే. ఐస్‌శాట్ ఎగరకముందే, 2002లో, దాని మీద వాహనానికి జీపీఎస్ కట్టి తిప్పి ఎత్తులు కొలిచిపెట్టారు. ఐస్‌శాట్-2 కోసం దక్షిణ ధ్రువం దగ్గర, 88 డిగ్రీల అక్షాంశం వెంట కొంత దూరం కలుపుకుని, మొత్తం 750 కిలోమీటర్లు మంచు బండ్లలో వెళ్లారు. ఆఫీసులో కూర్చుని ఎంత గణితం చేసినా అలాంటి ప్రయాణానికి సాటిరాదని నా గట్టి నమ్మకం.

6. ఒకే తప్పును రెండుసార్లు దిద్దకండి. ఐస్‌శాట్ కొలతలను విడతలవారీగా తీశారు. విడతకీ విడతకీ మధ్య తేడాలను సవరించే పట్టికలు చాలానే అచ్చయ్యాయి. పాత డేటా మీద కట్టిన పట్టికల్లో పైన చెప్పిన సెంట్రాయిడ్ తప్పు కూడా కలిసిపోయి ఉంది. తర్వాతి డేటా విడుదలలో నాసావాళ్లు ఆ తప్పును దిద్దేశారు. కొత్త డేటాకు పాత పట్టిక తగిలిస్తే పోయిన తప్పు గుర్తు తిరగేసుకుని మళ్లీ వస్తుంది. ఫైలు తెరవగానే ముందు విడుదల నంబరు చూడండి, పట్టిక ఏ విడుదల మీద కట్టారో ఆ తర్వాత చూడండి.