కెమెరాకి చత్వారం కళ్ళద్దాలు

ఈ సంచికకి కవిత ఇస్తానని ఎడిటర్ అక్కకి మాటిచ్చాను. కవిత రాలేదు. దాని బదులు సంక్రాంతి సెలవుల్లో నేర్చుకున్న ఒక పని గురించి రాస్తున్నాను. లెన్సుల చాప్టరు పరీక్షకి ముందురోజు రాత్రి చదివి మర్నాటికి మర్చిపోయిన వాళ్ళలో నేనూ ఉన్నాను, కాబట్టి కంగారు పడకండి. ఇందులో లెక్కలు భాగహారం దాటి పోవు.

మా నాన్న పల్నాడులో మూడెకరాలు కౌలుకి తీసుకుని మిరప వేశారు. జనవరి మొదట్లో ఆకు ముడుచుకోవడం, పూత రాలడం మొదలైంది. మిరప పండించే ఇళ్ళలో పెరిగిన వాళ్ళకి ఇది తెలుసు: ఆకు అంచులు పైకి తిరిగితే పై ముడత, అది తామర పురుగు పని. కిందికి తిరిగితే కింది ముడత, అది నల్లి పని. మా చేలో రెండు రకాల ఆకులూ ఉన్నాయి. మందుల కొట్టాయన రెండు ఆకులు చూసి నల్లి అన్నాడు, నల్లి మందు ఇచ్చాడు. రెండుసార్లు కొట్టాం. పూత రాలుతూనే ఉంది.

నాన్న అనుమానం వేరు. 2021లో మన రెండు రాష్ట్రాల్లోనూ మిరప తోటల్ని ఊడ్చేసిన నల్ల తామర పురుగు గుర్తుందా? అది ఆకుల కంటే ఎక్కువగా పువ్వులోనే కాపురం పెడుతుంది. వ్యవసాయాధికారికి ఫోన్ చేస్తే, "స్పష్టంగా ఉన్న ఫొటో పంపండి, చూసి చెప్తాను" అన్నారు. చిక్కంతా అక్కడే. ఆ పురుగు పొడవు సుమారు ఒక మిల్లీమీటరు. నాన్న ఫోనులో తీస్తే తెల్ల పువ్వు మీద మసక చుక్క వచ్చింది. నా ఫోనులో మాక్రో అని ఒక కన్ను ఉంది గానీ, 2 మెగాపిక్సెళ్ళ ఆ కన్నుకి చుక్క కాస్త పెద్ద చుక్క అయింది, అంతే.

అప్పుడు అమ్మ అటక మీది సంచి గుర్తు చేసింది. మా మావయ్య ఒకప్పుడు సరదాపడి కొన్న కెనన్ పవర్‌షాట్ ఏ590 ఐఎస్, ఒక నల్ల గొట్టం, డబ్బాలో నాలుగు గుండ్రటి అద్దాలు. కెమెరా 2008 నాటిది, రెండు పెన్సిల్ బ్యాటరీలతో నడుస్తుంది. అద్దాల అంచు మీద +1, +2, +4, +10 అని ఉంది.

ముందు గొట్టం సంగతి. పెద్ద కెమెరాల లెన్సు మూతికి మరలు ఉంటాయి, అద్దాన్ని నేరుగా బిగించేయొచ్చు. చిన్న కెమెరాకి అలా కాదు. ఆన్ చేయగానే లెన్సు బయటికి పొడుచుకొస్తుంది, ఆఫ్ చేస్తే లోపలికి పోతుంది. దాన్ని తోసే మోటారు చాలా చిన్నది, ముందు బరువు తగిలిస్తే పళ్ళచక్రాలు పాడవుతాయి. అందుకే ఈ కెమెరాలో లెన్సు చుట్టూ ఉన్న రింగుని, పక్కనున్న చిన్న బటన్ నొక్కి తిప్పితే ఊడి వస్తుంది. ఆ స్థానంలో గొట్టం తగులుతుంది. లెన్సు గొట్టం లోపలే ముందుకీ వెనక్కీ కదులుతుంది. బరువంతా కెమెరా ఒంటి మీదే పడుతుంది. గొట్టం చివర 52 మి.మీ. మరలు ఉంటాయి, అద్దాన్ని వాటికి బిగిస్తాం. ఇదే ఫిల్టర్ అడాప్టర్. అందరి కెమెరాలకీ ఈ ఏర్పాటు ఉండదు. లేనివాళ్ళు లెన్సు మూతికి జిగురుతో రింగు అంటించే వీడియోలు చూసి మోసపోకండి.

ఇక అద్దాలు. ఈ +4, +10 ఎక్కడో చూసినట్టు లేదూ? నాన్న చత్వారం కళ్ళద్దాల చీటీలో ఉండేది కూడా ఇదే లెక్క, డయాప్టర్లు. దగ్గరివి ఆనని కంటికి కుంభాకార కటకం పెడతారు కదా, దగ్గరివి ఆనని కెమెరాకి పెట్టేదీ అదే. కావాలంటే +2 చత్వారం అద్దాన్ని కెమెరా ముందు పట్టుకుని చూడండి. నేను చూశాను, పనిచేస్తుంది. "నా కళ్ళజోడు ఎక్కడ పెట్టావమ్మా" అని నాన్న కేకేసే దాకా.

లెక్క ఇది. 100ని డయాప్టర్లతో భాగిస్తే ఎన్ని సెంటీమీటర్ల దూరంలో ఫోకస్ కుదురుతుందో వస్తుంది. +4 పెడితే 25 సెం.మీ., +10 పెడితే 10 సెం.మీ. ఇది కెమెరా దూరపు వస్తువు మీద ఫోకస్ అయి ఉన్నప్పటి మాట. కెమెరా తనంతట తాను 50 సెం.మీ. దాకా ఫోకస్ చేయగలిగితే, అంటే అదో +2 అనుకోండి, +4తో కలిపి +6, దూరం 17 సెం.మీ.కి తగ్గుతుంది. అంటే +4తో 25కీ 17కీ మధ్యే ఫొటో. అవతలా మసకే, ఇవతలా మసకే. నేను మొదటి గంటంతా కెమెరా చెడిపోయిందనుకుని తిట్టుకున్నది ఇది తెలియకే.

ఎంత పెద్దదిగా కనబడుతుంది? సెన్సారు వెడల్పుని అద్దం నాభ్యంతరంతో గుణించి, కెమెరా లెన్సు అసలు నాభ్యంతరంతో భాగించాలి. ఈ కెమెరా సెన్సారు వెడల్పు 5.76 మి.మీ. జూమ్ పూర్తిగా లాగితే నాభ్యంతరం 23.2 మి.మీ. +10కి: 5.76 × 100 / 23.2, సుమారు 25 మి.మీ. అంటే ఫొటో అడ్డంగా 25 మిల్లీమీటర్ల మేర పడుతుంది. ఫొటోలో అడ్డంగా 3264 పిక్సెళ్ళు, కాబట్టి మిల్లీమీటరు పురుగుకి 130 పైచిలుకు. చుక్క పురుగు కావడానికి అవి చాలు.

జూమ్ ఎందుకు లాగాలంటే, భాగహారంలో కింద ఉన్నది పెరిగితేనే కదా వెడల్పు తగ్గేది. అద్దం లేకుండా కెమెరా మాక్రోలో 5 సెం.మీ. దాకా పోవచ్చు, కానీ అది జూమ్ లేనప్పుడు. ఫొటోలో 5 సెం.మీ. మేర పడుతుంది, పైగా కెమెరా నీడ పువ్వుని కప్పేస్తుంది. +4తో 6 సెం.మీ. మేర పడుతుంది, ఇంకా తక్కువ పెద్దది. అయినా 25 సెం.మీ. దూరంలో నిలబడొచ్చు. సీతాకోకచిలుకకి అదే మేలు. మా పురుగుకి +10 తప్ప గతి లేదు.

+10తో అసలు పరీక్ష మొదలైంది. స్పష్టంగా వచ్చే లోతు ఒక మిల్లీమీటరు. ఊపిరి పీలిస్తే ఫోకస్ పోతుంది. గాలికి ఊగే మొక్క మీద ఒక్క ఫొటో కుదరలేదు. చివరికి పూలు కోసుకొచ్చి, అరుగు మీద తెల్ల కాగితం పరిచి, దాని మీద దులిపాం. సన్నగా, నల్లగా, పాకుతూ ఆరేడు పడ్డాయి. ఫ్లాష్ వేస్తే గొట్టం నీడ ఫొటో అడుగున అర్ధచంద్రంలా పడింది. ఫ్లాష్ మానేసి పొద్దున్నే ఎండలోకి జరిగి, అటుపక్క థర్మోకోల్ ముక్క నిలబెట్టాం. మోచేతులు నేలకి ఆనించి, బటన్ సగం నొక్కి ఫోకస్ పట్టి, ఇక కెమెరాని ఫోకస్ అడక్కుండా నేనే ఒంటిని వెంట్రుకవాసి ముందుకీ వెనక్కీ ఊపుతూ వరసగా తీశాను. లోతు పెరుగుతుందని ఎఫ్/8 పెట్టి చూస్తే అంతా కాస్త మెత్తబడింది. వివర్తనం అంటే ఏమిటో ఆ రోజు కళ్ళారా చూశాను. మళ్ళీ ఎఫ్/5.5కే వచ్చాను.

+10 మీద +4 కూడా బిగించి +14 చేశాను. బలమైనది కెమెరా వైపు ఉండాలి. మేర 18 మి.మీ.కి తగ్గింది గానీ, అంచుల్లో ప్రతి గీతకీ ఊదా, పచ్చ రంగుల కుచ్చు. చవక అద్దాల్లో ఒకటే గాజు ఉంటుంది, అది ఒక్కో రంగుని ఒక్కోచోట నాభి చేస్తుంది. రెండు రకాల గాజులు అతికించి చేసే అక్రోమాట్ అద్దాలకి ఈ బాధ చాలా తక్కువ, ధర మాత్రం ఎక్కువ. నేను +10తోనే ఆగి, పురుగుని ఫొటో నడిమధ్యలో పెట్టాను.

నూట నలభై ఫొటోల్లో మూడు పనికొచ్చాయి. ఒకదాంట్లో కొమ్ములూ, వీపు మీద మడిచిన రెక్కలూ తెలుస్తున్నాయి. పంపిన అరగంటకి అధికారి నుంచి ఫోను. పూతలో ఉన్నది నల్ల తామర పురుగే, నల్లి మందు ఆపండి, నీలిరంగు జిగురు అట్టలు పెట్టండి అన్నారు, తర్వాత కొట్టాల్సిన మందు చెప్పారు. నాన్న రాసుకుని, ఫోన్ పెట్టేశాక చాలాసేపు మాట్లాడలేదు. కొట్టిన రెండు మందుల ఖర్చు లెక్కేసుకుంటున్నారని నాకు తెలుసు. అప్పటికే ఎకరంన్నర పూత పోయింది. మిగతా దాంట్లో కాయ నిలబడింది.

నేను హాస్టలుకి బయల్దేరుతుంటే నాన్న డబ్బా తెరిచి, "ఇదొక్కటీ ఇక్కడ ఉంచమ్మా" అని +10 అద్దం తీసుకున్నారు. కెమెరా లేకపోయినా అది రెండున్నర రెట్ల భూతద్దం. ఇప్పుడు అది ఆయన చొక్కా జేబులో, గుడ్డలో చుట్టి ఉంటుంది. కెమెరా, గొట్టం, మిగతా మూడు అద్దాలూ నా దగ్గరున్నాయి. ఎవరికైనా చూడాలనుంటే ఆదివారం రండి, బ్యాటరీలు మీవే తెచ్చుకోండి.