అవయవ మార్పిడిలో కణజాలం కలవడం అంటే ఏమిటి?



జగిత్యాలలోనైనా, కోరుట్ల, సిరిసిల్లలలోనైనా ఒకరి కిడ్నీలు చెడిపోయాయని తెలియగానే తల్లో, తమ్ముడో "నాది తీసుకోండి" అంటూ ముందుకొస్తారు. అది గొప్ప మనసు. కాని మనసుతోపాటు కణజాలం కూడా కలవాలి.

మన కణాల మీద హెచ్.ఎల్.ఏ. అనే గుర్తులుంటాయి. వాటిని చూసే శరీరం "ఇది నాది, ఇది పరాయిది" అని తేల్చుకుంటుంది. పరాయిదనుకుంటే కొత్త అవయవం మీద దాడి చేస్తుంది. 1954లో బోస్టన్‌లో మొదటి కిడ్నీ మార్పిడి ఫలించడానికి కారణం, ఇచ్చినవారూ పొందినవారూ ఒకే పోలిక కవలలు కావడమే.

ఈ గుర్తుల్లో సగం తల్లి నుంచి, సగం తండ్రి నుంచి వస్తాయి. అందుకే తల్లిదండ్రులతో బిడ్డకు సగం కలుస్తాయి. తోబుట్టువుల్లో ఇద్దరికి పూర్తిగా కలిసే అవకాశం నాలుగింట ఒకటి, సగం కలిసేది నాలుగింట రెండు, అసలు కలవనిది నాలుగింట ఒకటి. కాబట్టి సొంత అన్నది కలవకపోతే అనుమానాలు, నిందలు వద్దు.

కిడ్నీకైతే పూర్తిగా కలవకపోయినా మందులతో మార్పిడి చేయవచ్చు. అయితే ముందుగా క్రాస్‌మ్యాచ్ పరీక్ష తప్పనిసరి. గతంలో ఎక్కించిన రక్తం వల్ల, కాన్పుల వల్ల రోగి ఒంట్లో దాత కణాలకు వ్యతిరేకమైన ప్రతిరోధకాలు ఉన్నాయేమో అది చెబుతుంది. తలసేమియా పిల్లలకు చేసే మూలుగ మార్పిడిలో మాత్రం రక్తం గ్రూపు కంటే హెచ్.ఎల్.ఏ. కలవడమే ముఖ్యం. అందుకే ముందుగా తోబుట్టువులను పరీక్షిస్తారు.

ఇక్కడే మీ సాయం అవసరం. ఆరోగ్యశ్రీ కింద కిడ్నీ మార్పిడి జరుగుతుంది. హైదరాబాదులో నిమ్స్, ఉస్మానియా ఆసుపత్రులున్నాయి. కాని అంతదాకా చేరడానికి ఇంటిల్లిపాదికీ పరీక్షలు, బస్సు ఛార్జీలు, కూలి నష్టం ఉంటాయి. తోబుట్టువు గల్ఫ్‌లో ఉంటే టికెట్టు ఖర్చు కూడా. ఆపరేషన్ రోజున ఇచ్చే సాయం ఎంత విలువైనదో, ఈ తొలి అడుగుకు ఇచ్చేదీ అంతే విలువైనది.

ఒక్క హద్దు మరవకండి. అవయవానికి వెల కట్టరాదు. 1994 నాటి కేంద్ర చట్టం అమ్మకాన్ని నేరమంటుంది. 1988లో జిద్దాలో అంతర్జాతీయ ఫిఖ్ అకాడమీ కూడా, ఇచ్చేవారి ప్రాణానికి హాని లేకుంటే దానం అనుమతించి, అమ్మకాన్ని నిషేధించింది. మన డబ్బు పరీక్షలకు, ప్రయాణానికి, మందులకే వెళ్లాలి.

అల్లాహ్ మీ దానాన్ని స్వీకరించుగాక. ఆమీన్.